చెల్లని ముఖం

వల్కలావతి రాజ్యంలో బంగారు గనులు లేవు, వెండి కొండలు లేవు. బ్రహ్మదేవుడు లోహాలన్నీ చుట్టుపక్కల దేశాలకు పంచిపెట్టి, చివరికి చేతులు దులుపుకుని, ఈ దేశానికి చెట్లు మాత్రం మిగిల్చాడు. అయినా దాని రాజధాని వల్కలపురాన్ని చూసినవాళ్ళు రెప్ప వేయడం మరిచిపోయేవారు. పాలరాతి మేడల మీద పగడపు కలశాలు, వీధివీధికీ పన్నీటి కాలువలు, గాలి వీస్తే వాటంతటవే మోగే గోపురపు గంటలు, అంగళ్ళలో గుట్టలు పోసిన కస్తూరి, జవ్వాది, సాంబ్రాణి! ఇంత వైభవమూ చెట్టు బెరడు మీద నడిచేది. కంబళిచెట్టు బెరడును నానబెట్టి, దంచి, పలచగా పరిచి ఆరబెట్టి, దాని మీద యువరాజు ముఖం అచ్చువేస్తే అదే రాజపత్రం. దానితో ఏనుగునైనా కొనవచ్చు, ఎండుమిరపకాయలైనా కొనవచ్చు. జనం నోట్లో దాని పేరు పత్తరం.

పొద్దున టంకశాల నుంచి పెళపెళలాడుతూ బయలుదేరిన పత్రం సాయంత్రానికి పూలమ్మి కొంగుముడిలో మెత్తబడేది. చేపల అంగడిలో తడిసేది. గానుగ దగ్గర జిడ్డు పట్టేది. తాంబూలం వేసుకున్న పెద్దమనిషి వేళ్ళ సున్నం దాని నుదుటికి అంటేది. మడత దగ్గర చిరిగితే అన్నం మెతుకుతో అతికించి మళ్ళీ నడిపించేవారు. అతుకు మీద అతుకు పడి, ఇక ముఖమే ఆనవాలు తెలియనప్పుడు, దాన్ని జీర్ణపత్రశాలకు తీసుకుపోయేవారు. ఆ పేరు పలకడానికి ఎవరికీ నోరు తిరగక ముసలి చావడి అనేవారు. అక్కడి అధికారి ముసలి పత్రాన్ని నిప్పులో వేసి, కొత్త పత్రాన్ని చేతిలో పెట్టేవాడు. తాతల కాలం నుంచి ఈ ఏర్పాటు చక్కగా సాగుతూ వచ్చింది. చక్కగా సాగుతున్నదాన్ని చెడగొట్టడానికి ఎవడో ఒక తెలివైనవాడు పుట్టకపోడు కదా!

ఆ తెలివైనవాడే యువరాజు కీర్తిసేనుడు. వీరుడు కాదని మేము అనము. కత్తి పడితే మెరుపు, గుర్రమెక్కితే సుడిగాలి. పైగా అందగాడు. ఆ సంగతి అతనికి తెలుసు, వచ్చిన చిక్కల్లా అదే.

ఏడాది కిందట తండ్రి మహారాజు తీర్థయాత్రకు వెళుతూ రాజముద్రిక కొడుకు చేతిలో పెట్టాడు. ఆ వారంలోనే కీర్తిసేనుడు గుర్రం మీద అంగడివీధిలో పోతుండగా ఇద్దరు ఆకుకూరల ఆడవాళ్ళు విరగబడి నవ్వుకోవడం వినిపించింది. వాళ్ళ చేతిలో ఒక ముసలి పత్రం. మడత చిరిగిన కన్నం సరిగ్గా బొమ్మ ముక్కు ఉండే చోట పడింది.

"ఇడుగోనే మన ముక్కిడి యువరాజు! ఈయన్ని ఎవతి తీసుకుంటదే?" అంది ఒకతె.

"నాకొద్దు తల్లీ, నీ దగ్గరే ఉంచుకో!" అంది రెండోది.

అంతే. ఆ నవ్వు యువరాజుకు శూలమై గుచ్చుకుంది. మరునాడే, పిలిచినట్టుగా, కజ్జలనాథుడనే మాంత్రికుడు కొలువుకు వచ్చాడు. మోకాళ్ళు దాటిన జడలు, ఒళ్ళంతా పూసుకున్న మసి, ఆ మసిలోంచి మిలమిలలాడే పళ్ళు.

"యువరాజా, నా సిరాతో అచ్చువేసిన పత్రం అరగదు, చిరగదు, మాయదు. మీ ముఖం ఎప్పటికీ ఇలాగే ఉంటుంది. తమరు చేయవలసింది ఏమీ లేదు. 'నా ముఖం ఎన్నటికీ చెల్లుగాక' అని ఒక్కసారి నోటితో అనండి, చాలు," అన్నాడు.

కీర్తిసేనుడు ఆలోచించలేదు. అన్నాడు. పాత పత్రాలన్నీ తగలబెట్టించి, ఇక పనేముందని ముసలి చావడికి తాళం వేయించాడు.

ఏడాది తిరిగేసరికి వల్కలపురంలో కంటిజబ్బు పుట్టింది. పాలమీగడలాంటి పొర కళ్ళకు కమ్ముతోంది. రాజవైద్యులు పొన్నగంటి కూర తినమన్నారు, తేనె వేసుకోమన్నారు, గ్రహశాంతి చేసుకోమన్నారు. ఏదీ పని చేయలేదు. సంగతేమిటో తానే తెలుసుకుందామని కీర్తిసేనుడు గాజుల వర్తకుడి వేషం వేసుకుని, గాజుల మలారం భుజాన వేసుకుని, తెల్లవారగానే అంగడివీధిలో అడుగుపెట్టాడు. తనను ఎవరైనా గుర్తుపడతారేమోనని ఉత్తరీయంతో సగం ముఖం కప్పుకున్నాడు. అంత శ్రమ అక్కరలేకపోయింది. అతని ముఖం చూడడానికి అక్కడ ఎవరికీ సరైన చూపు లేదు.

"బోణీ బేరం, తమ్ముడూ! కాదనకు. మానెడు బొరుగులు పట్టుకుపో," అని అడుగుల చప్పుడు విని ఒకావిడ పిలిచింది.

ఆమె పేరు చుక్కమ్మ. నలభై అయిదేళ్ళుంటాయి. బొరుగుల బుట్ట ముందు పెట్టుకుని, కుడికన్ను పూర్తిగా తెల్లబడి, ఎడమకంటితో చీకట్లో వెతుక్కుంటున్నట్టు చూస్తోంది. కీర్తిసేనుడు రొంటిన మడిచి దోపుకున్న పత్రం తీసి ఆమె చేతిలో పెట్టాడు. నలిగిపోయి, మడతలు పడి ఉంది ఆ పత్రం. చుక్కమ్మ దాన్ని భక్తిగా కుడికంటికి అద్దుకుంది, ఎడమకంటికి అద్దుకుంది.

యువరాజు చూస్తుండగానే పత్రం మీది మడతలు ఒక్కొక్కటే మాయమయ్యాయి. పత్రం నిన్ననే పుట్టినట్టు పెళపెళలాడింది. చుక్కమ్మ ఎడమకంట్లో పొర ఇంకొంచెం దళసరి అయింది.

"చూశావా, ఎంత కరుకుగా ఉందో!" అంది ఆమె మురిసిపోతూ. "మా యువరాజు నూరేళ్ళు చల్లగా ఉండాల! ఎనకటి పత్తరాలు చింకిపాతలు గదా, మెతుకులు పెట్టి అతికించలేక చచ్చేవాళ్ళం. ఇప్పుడా బాధ లేదు. నా కళ్ళంటావా, అది నా కరమ. ఎవర్నని ఏం లాభం?"

"అక్కా, పత్రాన్ని అలా కళ్ళకు అద్దుకోవడం దేనికి?" అన్నాడు యువరాజు.

"ఇదెక్కడి మాట! పొద్దున్నే బోణీ చేసిన లచ్చిమిని కళ్ళకద్దుకోకుండా పెట్టెలో పడేస్తామా? ఏ ఊరోడివి నువ్వు?"

కీర్తిసేనుడు తలెత్తి చూశాడు. బోణీ వేళ. వీధి ఈ చివర నుంచి ఆ చివర దాకా పూలవాళ్ళు, కూరలవాళ్ళు, మజ్జిగవాళ్ళు అందరూ చేతులెత్తి తన ముఖాన్ని కళ్ళకద్దుకుంటున్నారు. ఎదుటి మేడలో పట్టుపరుపు మీద కూర్చున్న షావుకారు కళ్ళు మాత్రం నిక్షేపంలా ఉన్నాయి. ఆయన పత్రాలను ఇనపపెట్టెలో పెట్టి తాళం వేస్తాడు గాని కళ్ళకద్దుకోడు. అరుగుదల ఎక్కడికీ పోలేదు. పత్రం మీద పడవలసింది కళ్ళ మీద పడింది, అదీ దండం పెట్టినవాళ్ళ కళ్ళ మీదే.

యువరాజుకు తల తీసేసినట్టయింది. నేల చీలితే అందులోకి దిగిపోదామనిపించింది. ఆ క్షణంలోనే చుక్కమ్మ కాళ్ళ మీద పడి నిజం చెప్పేస్తే పోయేది. మొహం చెల్లలేదు.

"మసికొండ మీద ఒక సిద్ధుడున్నాడంట. ఆయనిచ్చే కాటుక పెడితే చూపొస్తదంట," అంది చుక్కమ్మ. "దాచుకున్న పత్తరాలు మూటగట్టుకుని కూర్చున్నా. చెయ్యి పట్టుకుని తీసుకుపోయే దిక్కు లేదు. ఈ ఎడమకన్నూ పోతే బొరుగులకీ ఉప్పుకీ తేడా తెలవదు తమ్ముడూ, ఇక అడుక్కోవడమే."

మసికొండ! కజ్జలనాథుడి గుహ ఉన్నది అక్కడే. కళ్ళు పోగొట్టినవాడే కాటుక అమ్ముతున్నాడన్నమాట.

"నేను తీసుకుపోతాను, పదక్కా," అన్నాడు కీర్తిసేనుడు.

"గాజులాయనా, నీ కడుపు చల్లగుండ!" అని ఆమె అతని చెయ్యి పట్టుకుంది. ఆ చెయ్యి ముట్టుకుంటే అతనికి ఒళ్ళు కాలినట్టయింది.

మసికొండ చుట్టూ మసిమడుగు. నీళ్ళు సిరాలాగా నల్లగా ఉంటాయి. వాటిలో ఆకాశం కనబడదు, చేప కనబడదు, చివరికి తన నీడ కూడా తనకు కనబడదు. ఒడ్డున కట్టి ఉన్న పుట్టిలో ఇద్దరూ ఎక్కారు. పుట్టి గుండ్రంగా తిరుగుతూ నడిమడుగుకు చేరిందో లేదో, నీళ్ళు బుసకొట్టాయి. తాటిమాను లావు నల్లత్రాచు ఒకటి పడగెత్తి పుట్టి మీదికి వంగింది.

"ఏంది తమ్ముడూ, ఇట్టా ఊగుతోంది?"

"గాలి, అక్కా!" అంటూనే కీర్తిసేనుడు గాజుల మలారంలోంచి కత్తి లాగాడు. త్రాచు కాటు వేసింది. అతడు పక్కకు దూకాడు. కాటు పుట్టి అంచుకు తగిలి, వెదురు బద్ద ఫెళ్ళున విరిగింది.

"గాలేనా?"

"పెద్దగాలి! గట్టిగా పట్టుకో!"

త్రాచు తోకతో పుట్టిని చుట్టి బొంగరంలా తిప్పింది. ఆ తిరుగుడులోనే యువరాజు పైకి ఎగిరి, పడగ కింద గొంతులో కత్తి పిడి దాకా దించి లాగాడు. నల్లటి నెత్తురు ఎగజిమ్మింది. త్రాచు మెలికలు తిరుగుతూ మునిగిపోయింది. మడుగు మళ్ళీ నల్లటి చాపలా పరుచుకుంది.

"వానా పడతన్నట్టుందే," అంది చుక్కమ్మ చెంప తుడుచుకుంటూ. "అయినా నువ్వుండగా నాకేం భయంలే."

పామును చంపిన వీరుడు ఆ మాటకు తల దించుకున్నాడు. మెచ్చుకుంటే సిగ్గుతో చచ్చిపోవడమంటే ఏమిటో అతనికి మొదటిసారి తెలిసింది.

గుహ ముఖద్వారం దగ్గర ఒక మట్టిబాన ఉంది. "తెచ్చింది ఇందులో వేసి లోపలికి రండి," అని లోపలి నుంచి ఎవరిదో తియ్యని గొంతు వినిపించింది. కీర్తిసేనుడు వారించే లోపలే చుక్కమ్మ కొంగుముడి విప్పి, ఒక్కొక్క పత్రాన్నీ చివరిసారిగా కళ్ళకద్దుకుని బానలో వేసింది. వేసిన పత్రాలు వేసినట్టే గాలిలోకి లేచాయి. గుహలోంచి ఇంకా వేలకు వేల పత్రాలు కాకుల గుంపులా ఎగిరివచ్చాయి. ఒకదాని మీద ఒకటి పరుచుకుని, మడతలు పడి, కాళ్ళయి, తోకయి, కోరలయి, ఏనుగంత పెద్దపులి నిలబడింది. దాని ఒంటి నిండా యువరాజు ముఖాలే. ముఖాలన్నీ చిరునవ్వు నవ్వుతున్నాయి.

పులి గర్జించి దూకింది. కీర్తిసేనుడు కత్తి విసురుగా తిప్పి దాని ముందుకాలు నరికాడు. తెగిన చోట పత్రాలు మళ్ళీ అతుక్కున్నాయి. గీత కూడా మిగలలేదు.

"అయ్యో, నా కన్ను!" అని వెనక చుక్కమ్మ కేక వేసింది.

అతనికి అర్థం కాలేదు. పులి మళ్ళీ దూకింది. మళ్ళీ నరికాడు. ఈసారి చుక్కమ్మ రెండు చేతులతో ఎడమకన్ను మూసుకుని నేల మీద కూలబడింది. "ఎవరో లోపల గోకుతున్నారు తమ్ముడూ! మండిపోతోంది!"

అప్పుడు అర్థమైంది. కత్తి దెబ్బ పత్రానికి తగలడం లేదు, దాన్ని కళ్ళకద్దుకున్న మనిషికి తగులుతోంది. కీర్తిసేనుడు కత్తి దూరంగా విసిరేసి, ఉత్త చేతులతో నిలబడ్డాడు. పులి పంజాతో అతన్ని నేలకు కొట్టి, రొమ్ము మీద కాలు మోపింది.

గుహలోంచి పకపకా నవ్వు. కజ్జలనాథుడు నిలువెత్తు దీపపుస్తంభం వెనక నుంచి బయటకు వచ్చాడు. ఆ దీపపు మంట తెల్లగా, పాలమీగడ రంగులో వెలుగుతోంది. మంట మీద బోర్లించిన పెంకులో చిక్కటి మసి పేరుకుంటోంది. జనం చూపుతో దీపం, దీపంతో మసి, మసితో సిరా, సిరాతో పత్రం!

"రావయ్యా, యువరాజా కీర్తిసేనా! నీ ముఖాలు నిన్నే తొక్కుతున్నాయే!" అన్నాడు.

చుక్కమ్మ ఏడుపు ఠక్కున ఆగింది. "యువరాజా? ఎవరు? ఈ గాజులాయనా?" అంది.

"ఆయనే తల్లీ! ఆయన ముక్కు అందంగా ఉండడం కోసమే నీ కళ్ళు పోయాయి. చెప్పలేదా? దోవ పొడుగునా చెయ్యి పట్టుకుని నడిచావు, ఒక్క ముక్కా చెప్పలేదా?"

చుక్కమ్మ తడుముకుంటూ కొంచెం దూరం జరిగి, అతని చెయ్యి పట్టుకున్న తన చేతిని కొంగుతో తుడుచుకుంది. పులి గోళ్ళ కంటే అది లోతుగా దిగింది.

మాంత్రికుడికి నవ్వు ఆగడం లేదు. గెలిచినవాడికి నోటి మీద అదుపు ఉండదు. "ఎలా చెబుతాడమ్మా! అతనికి మొహం చెల్లదు..."

దీపం ఒక్కసారి రెపరెపలాడింది. పులి కాలు సడలింది. కజ్జలనాథుడు నాలుక కరుచుకున్నాడు.

అది కీర్తిసేనుడు చూశాడు. తాను అన్న మాట గుర్తుకు వచ్చింది. చెల్లుగాక అన్న మాటతో కట్టిన మంత్రం ఇది. విప్పవలసిందీ ఆ మాటతోనే. చిన్నప్పటి నుంచి అద్దంలో చూసుకుని మురిసిన ముఖం, ఆస్థాన చిత్రకారులు రంగులు చాలక అవస్థపడిన ముఖం. ఒక్క క్షణం నాలుక తడబడింది. అబద్ధమెందుకు, తడబడింది. అంతలో కూలబడి ఉన్న చుక్కమ్మ కనబడింది.

"నా ముఖం చెల్లదు!" అని గుహ అదిరేలా అరిచాడు. "ఈ రాజ్యంలో, ఏ అంగడిలో, ఏ మనిషి ముందూ నా ముఖం చెల్లదు!"

దీపం ఆరిపోయింది. పులి కుప్పకూలి, జిడ్డోడుతూ చిరిగిపోయిన ముసలి పత్రాల గుట్టగా మారింది. ఏడాది పాటు లక్షల చేతుల్లో నలిగిన నలుగుడంతా ఒక్కసారిగా వచ్చి యువరాజు ముఖం మీద పడింది. ముక్కు అరిగిపోయింది. బుగ్గలు మడతలు పడ్డాయి. పెదవి చీలింది. సున్నపు మరక, పసుపు మరక, చేపనీళ్ళ మరక చర్మంలోకి ఇంకాయి. పాత ముఖం పలచటి పొరలా ఊడి గాలిలోకి లేచింది. అది నేల మీద పడకముందే కజ్జలనాథుడు ఒడిసిపట్టుకున్నాడు.

"నీకు చెల్లనిది నాకు చెల్లుతుంది!" అంటూ దాన్ని తన ముఖానికి అతికించుకున్నాడు. జడలు రాలిపోయాయి. మసి జారిపోయింది. కిరీటం ఒక్కటే తక్కువగా కీర్తిసేనుడు నిలబడ్డాడు అక్కడ! "సింహాసనం మీద కూర్చుని, ఈ నోటితోనే ఆ మాట మళ్ళీ అంటాను. ఈసారి విప్పేవాడు ఉండడు. నువ్వు ఏ మొహం పెట్టుకుని వస్తావో రా!"

గుహ వెనక ద్వారంలోంచి నల్లగుర్రం సకిలించింది. మాంత్రికుడు దాని మీద ఎక్కి మడుగు మీదుగా దౌడు తీశాడు. గిట్టలకు నీళ్ళయినా అంటలేదు.

చుక్కమ్మ నెమ్మదిగా కళ్ళు తెరిచింది. గుహ గోడలు చూసింది, తన అరచేతులు చూసుకుంది, తరువాత అతన్ని చూసింది. కీర్తిసేనుడు గబగబా ఉత్తరీయం ముఖం మీదికి లాక్కున్నాడు.

"కప్పుకోకు. ఎంత పెట్టి కొన్నానో చూడనీ," అంది ఆమె.

అతడు ఉత్తరీయం తీశాడు. ఆమె చాలాసేపు చూసింది.

"పుట్టి ఊగితే గాలి అన్నావు. అప్పుడన్నా చెప్పొచ్చు గదయ్యా," అంది. తమ్ముడూ అన్న పిలుపు ఎగిరిపోయింది.

"మొహం చెల్లక..."

"నీకు మొహం చెల్లకపోతే నా కళ్ళు పోవాలా?"

ఆ ప్రశ్న ఏ రాజనీతి గ్రంథంలోనూ చదివినట్టు అతనికి గుర్తు లేదు. చుక్కమ్మ కొంగు దులుపుకుని ముందుకు నడిచింది. కీర్తిసేనుడు వెనక నడిచాడు. పుట్టిలో ఆమె ఒక అంచున, అతడు ఒక అంచున కూర్చున్నారు. కీర్తిసేనుడే తెడ్డు వేశాడు.

అవతలి ఒడ్డున, ఏటికి కాపలా తిరిగే రాజభటులు కాచుకుని ఉన్నారు. వాళ్ళ వెనక, కోట దాకా పారే ఏటి రేవులో వాళ్ళ పడవ కట్టి ఉంది. దళపతి బల్లెం అడ్డం పెట్టాడు.

"ఆగు! ఇప్పుడే యువరాజులవారు ఇటు దాటి వెళ్ళారు. ముఖం అరిగినవాడు ఒకడు వస్తాడు, తానే యువరాజునంటాడు, వాణ్ణి కట్టి కోటకు తీసుకొచ్చి కొరత వెయ్యమని ఆజ్ఞ. నిన్ను చూస్తే అలాగే ఉన్నావు." ఆ ముఖం చూసేసరికి అతనికే జాలి పుట్టినట్టుంది. గొంతు తగ్గించాడు. "నీ భుజాన మలారం ఉంది. గాజులవాణ్ణని ఒక్క మాట చెప్పు. వదిలేస్తాను. నాకూ పిల్లలున్నారు, ఊరికే ఒకణ్ణి కొరత వేయించడం నాకు ఇష్టం లేదు."

నిజం చెబితే చావు, అబద్ధం చెబితే బతుకు. ఇంత తేలికైన బేరం ఎవరికి దొరుకుతుంది? పైగా పొద్దుటి నుంచి ఆడుతున్న అబద్ధమే, కొత్తగా నేర్చుకోవలసిన పని లేదు. కీర్తిసేనుడి చెయ్యి మలారం మీదికి పోయింది. చుక్కమ్మ అటు తిరిగి మడుగు కేసి చూస్తోంది. చెప్పమనీ అనలేదు, వద్దనీ అనలేదు.

అతడు మలారం దించి నేల మీద పెట్టాడు.

"నేను కీర్తిసేనుణ్ణి. ముసలి చావడికి తాళం వేయించింది నేను. మీ ఇళ్ళలో ఆడవాళ్ళ కళ్ళు పోయింది నా వల్ల. నా ముక్కును చూసి ఎవరో నవ్వారని చేశాను," అన్నాడు.

భటులు గొల్లున నవ్వారు. ఒకడు మాత్రం నవ్వలేదు. దళపతి నిట్టూర్చి తాడు తీసి, యువరాజు చేతులు వెనక్కి విరిచి కట్టాడు. తరువాత చుక్కమ్మ వైపు తిరిగాడు.

"ఏమ్మా, ఈ పిచ్చివాడు నీకేమవుతాడు?"

"ఏమీ కాడు," అంది చుక్కమ్మ. "కానీ అబద్ధం చెప్పడం లేదు."

నవ్వు ఆగిపోయింది. "అయితే నువ్వూ వీడి పక్షమే!" అని దళపతి ఆమెను ఎగాదిగా చూసి, తాడు రెండో కొసతో ఆమె చేతులు కూడా కట్టి, ఇద్దరినీ పడవ ఎక్కించాడు.